దగ్గు లేని గొంతు

చిక్కడపల్లి,
ఏప్రిల్ 2012

ప్రియమైన పీరయ్య బావకు,

బతికే ఉన్నాను. నీ చెల్లెలు కురుమమ్మ కూడా బతికే ఉంది. నన్ను తిట్టే ఓపిక ఉన్నంతకాలం దానికేమీ కాదు. రాతిగనిలో నీ చెవులు పోయినప్పటినుంచి నీకు ఫోన్ పనికిరాదు గనుక, రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలూ నీకోసమే అరగదీస్తున్నాను. తప్పులుంటే నోరు మూసుకుని చదువుకో.

కొత్త సంగతి ఒకటుంది. నా గొంతు పట్నమంతా తిరుగుతోంది. నేను మాత్రం కూలీలు నిలబడే అడ్డా మీద లక్ష్మవ్వ టీ బండి దగ్గరే కూర్చున్నాను.

నెల కింద ఇద్దరు పిల్లలు అడ్డా మీదికి వచ్చారు. హర్ష అనే పిల్లగాడు, సంయుక్త అనే పిల్ల. తాతల కాలం నుంచి నారాయణగూడలో ఉన్న ఇండ్లవాళ్లు. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్ మీద గది కిరాయికి తీసుకుని కంపెనీ పెట్టారు. పేరు 'పనిపిలుపు'. ఇల్లు కట్టించేవాడు "రేపు ఇంతమంది కావాలి" అని ఇంటర్నెట్‌లో పెడితే, కంప్యూటర్ తనంతట తానే కూలీలకు ఫోన్ చేస్తుందట. చదువు రానివాడు కూడా విని ఒకటి నొక్కితే చాలు, వస్తానన్నట్టే.

"గంత పెద్ద మిషను పెట్టుకొని నా దగ్గరికెందుకొచ్చిండ్రు?" అన్నాను.

హర్ష తల గోక్కున్నాడు. "ముందు ఒక అమ్మాయి గొంతు పెట్టినం పెద్దాయనా. ఒక్కడు రాలే. పైగా బాలనాగమ్మ అని ఒకామె, మొగని ఫోన్ పలగ్గొట్టి మా ఆఫీసుకొచ్చింది. ఆ అమ్మాయెవరో చూపియ్యమని గడప మీద కూసుంది."

"అడ్డ మీద ఎవరు పిలిస్తే కదుల్తరని అడిగితే అందరు మిమ్మల్నే చూపిచ్చిండ్రు" అంది సంయుక్త.

చూపిస్తారు మరి. నేనెవణ్ని?

ఆ గదిలో బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కట్టి, నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. మాటలు ముక్కలు ముక్కలుగా చెప్పించుకున్నారు. పేర్లు అన్నీ విడిగా. పేటలు అన్నీ విడిగా. నల్లకుంట, అడిక్‌మెట్, గాంధీనగర్, నాలా పక్క, గుడి వెనక, రేపు, ఎల్లుండి. ఇవన్నీ పెట్టెలో పోసుకుని, కావలసినప్పుడు కావలసినట్టు అది కుట్టుకుంటుందట.

ఒక్క పట్టు మాత్రం పట్టాను. పేరు మూడుసార్లు పిలవాలి. ఒకసారి పిలిచేది గాలి, రెండుసార్లు పిలిచేది దయ్యం, మూడుసార్లు పిలిస్తేనే మనిషి. మూడో పిలుపుకు "ఉన్న" అన్నవాడు ఆ రోజుకు మేస్త్రి మనిషి. ఇంకొకడు ఎక్కువ కూలి చూపించినా పోడు. మేస్త్రి కూడా వాణ్ని పంపేచోట ముందు తాను దిగి చూసి రావాలి. ఇది మన అడ్డా కట్టు. హర్ష ఎగిరి గంతేశాడు. "ఇదే కావాలె పెద్దాయనా!" అన్నాడు.

ఇంకో తమాషా. నేను మూడు మాటలకొకసారి దగ్గుతాను కదా, సంయుక్త ఆ దగ్గులన్నీ ఏరి పారేసింది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. "తీసేసినయి యాడికి పోతయి బిడ్డా?" అని అడిగాను. నవ్వింది కానీ చెప్పలేదు.

నీ మనవడు రామును అడిగానని చెప్పు. వాణ్ని పట్నం పంపకు. నీ కొడుకు సెల్లార్ గుంతలో మట్టి కింద పోయాక, నీ ఇంటి మనిషిని ఇక గుంతలో దించనని నీకు మాటిచ్చాను. ఆ మాట మీదే ఉన్నాను.

ఇట్లు నీ బావ,
చిక్కడపల్లి అడ్డా మేస్త్రి దాసయ్య

*

మన ఊరు,
మే 2012

గొప్పోడైన దాసయ్య బావకు,

నీ ఉత్తరం ఎండలో కూర్చుని చదివాను. చదివాక నీడలోకి పోబుద్ధి కాలేదు, నాకు లోపల చలి పెట్టింది.

పిలుపును ఎవడన్నా కిరాయికి ఇస్తాడా బావా? పార ఇవ్వు, మట్టి మోసే గమేళా ఇవ్వు, నీ అరిగిన చెప్పులివ్వు. నువ్వు అక్కడ లేనప్పుడు కూడా నీ గొంతు పిలుస్తుంటే, పలికినవాడు ఎవరికి పలికినట్టు? నువ్వు నిద్రపోయినప్పుడు అది కూడా నిద్రపోతుందా? ఆ పిల్లలను అడిగి రాయి.

నన్ను పిలవడానికి మాత్రం నీ పెట్టె పనికిరాదు. నా చెవులు పోయాక పని కాడ నన్ను పిలవాలంటే వీపు మీద మూడు చిన్న రాళ్లు వేసేవాడివి, గుర్తుందా? మూడోది తగిలాకే తిరిగేవాణ్ని. ఆ విద్య కంప్యూటర్‌కు నేర్పమను చూద్దాం.

రాము కాలు నిలవడం లేదు. పెళ్లయి ఏడాది కాలేదు, అంబికకు కడుపు. "ఊర్ల ఏముంది తాతా?" అంటాడు. వాడి పెదవులు చదివి కూడా చదవనట్టు కూర్చుంటున్నాను. చెవిటితనంలో అదొక్కటే సుఖం.

నీ దగ్గుకు మందు తాగు. గొప్పలు దగ్గును ఆపవు.

నీ పెళ్లాం అన్న,
పీరయ్య

*

చిక్కడపల్లి,
జులై 2012

ప్రియమైన బావకు,

నువ్వడిగింది అడిగాను. అది నిద్రపోదట.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మొదట్లో మంచే జరిగింది. మనవాళ్లకు అడ్డా మీద ఎండలో నిలబడే బాధ తప్పింది. పశువుల సంతలో లాగా దండచేతులు పిసికి చూసేవాళ్లు లేరు. కూలి ముందే తెలుస్తుంది. నన్ను చూస్తే అందరూ లేచి దండం పెట్టారు. నేను కూడా మీసం దువ్వాను, అబద్ధమెందుకు?

ఇప్పుడు మా బస్తీలో ఎట్లా తెల్లవారుతుందో విను. పొద్దు పొడవకముందే ఒక గుడిసెలో ఫోన్ మోగుతుంది. రేకు గోడలో నుంచి నా గొంతు. "నర్సిములూ... నర్సిములూ... నర్సిములూ." వాడు "ఉన్న" అంటాడు. అంతలో పక్క గుడిసెలో నా గొంతు. దాని వెనక నాలా అవతల. ఒకేసారి నాలుగు దిక్కుల నుంచి పిలుస్తుంటాను. నేనేమో నులకమంచం మీద నోరు మూసుకుని పడుకుని ఉంటాను. నీ చెల్లెలు లేచి నా నోటి మీద చెయ్యి పెట్టి చూసింది బావా.

"ఏందే?" అన్నాను.

"ఈడున్నవా, ఆడున్నవా అని చూసిన" అంది.

దాని ముఖంలో ఎగతాళి లేదు.

అడ్డా ఖాళీ అయింది. మనుషులు ఇంటి నుంచే పనికి పోతున్నారు. లక్ష్మవ్వ టీ బండి ముందు నేనొక్కణ్నే. "మేస్త్రి, నువ్వు ఊరంత మాట్లాడుతున్నవ్. నా బండి కాడ మాత్రం మాట్లాడెటోడు లేడు" అని, బండి నల్లకుంట మార్కెట్‌కు తీసుకుపోతానంటోంది. మన ఉత్తరాలు ఆ బండి దగ్గరే పోస్టుమ్యాన్ ఇచ్చిపోతాడని నీకు తెలుసు.

అసలు సంగతి ఇది. గాంధీనగర్‌లో మురుగు నాలా పక్కన శ్రీరామమూర్తి అనే ఆయన సెల్లార్ తవ్విస్తున్నాడు. మనుషులు కావాలంటే పోయి గుంతలో దిగాను. మట్టి పిడికిట్లో పట్టి పిసికితే వేళ్ల సందున నీళ్లు కారాయి. "వానలు పొయ్యేదాంక ఒక్కణ్ని గూడ పంప" అని ఆయన ముఖం మీదే చెప్పి వచ్చాను. తెల్లారి మా సందులో నా గొంతే పిలిచింది. గాంధీనగర్, నాలా పక్క.

అశోక్‌నగర్ పోయి హర్షను పట్టుకున్నాను. "నేను వద్దన్న చోటికి నా గొంతు ఎట్ల పిలుస్తది?"

"పెద్దాయనా, ఆయన ఇంటర్నెట్ల పని పెట్టిండు, కంప్యూటర్ పిలిచింది. నడుమ మనిషి ఉండడు. మన కంపెనీ అంటేనే గదే."

"నడుమ మనిషి లేకుంటే మట్టి ఎవడు చూస్తడు?"

హర్ష ఫోన్ చూసుకున్నాడు. సంయుక్త నా ముఖం చూసింది. "తీసేద్దామా హర్షా?" అంది. "ఇప్పుడా? పాలమూరు జిల్ల మొత్తం మొదలువెడుతున్నం. ఆ గొంతు తీస్తే ఎవడొస్తడు?" అన్నాడు వాడు. వాణ్ని చెడ్డవాడనలేను. ఉడుకు నెత్తురు వయసు.

నేనే నర్సిములుకు ఫోన్ చేశాను. నెల నుంచి గొంతు బొంగురుపోయింది, మాట గాలిలాగా వస్తోంది. "నర్సిములూ, నేను మేస్త్రిని. ఆ గుంతల దిగకు" అన్నాను, మధ్యలో దగ్గుతూ.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు. "మేస్త్రి ఇప్పుడే పిలిచిండు. ఆయన గొంతు నాకెరుక లేదా? పొద్దుగాల పొద్దుగాల పరేషాన్ చెయ్యకు." పెట్టేశాడు.

ఆ ఫోన్ తీసుకుపోయి నాలాలో విసిరేశాను. ఇక ఉత్తరమే రాయి.

దాసయ్య

*

మన ఊరు,
ఆగస్టు 2012

బావా,

నీ ఉత్తరానికి జవాబు రాశాను, నీ దగ్గరి నుంచి మళ్లీ ఏమీ లేదు. ఊళ్లో వాళ్లను అడిగితే నవ్వుతున్నారు. "మేస్త్రికేమైంది? నిన్న గూడ మాట్లాడిండు గద" అంటున్నారు. పాలమూరు మొత్తం మొదలుపెడుతున్నారన్నావుగా, మన ఊళ్లో కూడా ఇంటింటికీ నీ గొంతు వస్తోంది.

మా ఇంటికీ వచ్చింది.

అంబిక ఉరికి వచ్చి ఫోన్ నా చెవికి ఆనించింది. వినబడలేదు కానీ ఎముక మీద చిన్నగా వణికింది. మూడుసార్లు వణికి ఆగింది. రాము లాక్కుని, "ఉన్న" అన్నాడు. వాడి పెదవులు నేను చూశాను.

"ఏమన్నడు?" అని అడిగాను.

"గాంధీనగర్, నాలా పక్క పని ఉంది రమ్మన్నడు. మేస్త్రి తాత మంచిగున్నడు, గొంతు ఖంగుమంటున్నది" అంది అంబిక.

"దగ్గిండా?"

పిల్ల ఆలోచించింది. "లేదు తాతా. ఒక్కసారి గూడ దగ్గలే."

అప్పుడే నాకు తెలిసింది అది నువ్వు కాదని. నీ పెళ్లిలో కూడా తాళి కట్టడానికి ముందు దగ్గినవాడివి నువ్వు. వాడికి చెప్పాను, అరిచాను. "నువ్వు చెవిటోనివి తాతా, నువ్వు ఇన్లే. నేనిన్న" అన్నాడు. అంబిక ఆ నంబరుకే తిరిగి చేస్తే మళ్లీ నువ్వే పలికి, పని కావాలంటే ఒకటి నొక్కమన్నావట.

రాము సోమవారం బస్సెక్కాడు. కాటిలో దించినట్టు బస్టాండులో దించి వచ్చాను.

బావా, నువ్వు ఎక్కడున్నా వాణ్ని ఆ గుంతలో నుంచి తియ్యి. నాకు ఒక్కడు పోయాడు చాలు.

పీరయ్య

*

మన ఊరు,
సెప్టెంబర్ 2012

దాసయ్యా,

బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇక్కడ ఏకధారగా వాన. అక్కడ కూడా అంతేనని టీవీలో చూపిస్తున్నారు.

ఉన్నావా? మూడుసార్లు అడుగుతున్నాను. ఉన్నావా? ఉన్నావా?

పీరయ్య

*

చిక్కడపల్లి,
సెప్టెంబర్ 2012

ప్రియమైన బావకు,

ఉన్నాను. రాము కూడా ఉన్నాడు. ముందు ఇది చదివి నీళ్లు తాగు, తర్వాత మిగతాది చదువు.

గొంతులో గడ్డ లేచింది బావా. సర్కారు దవాఖానలో కోసి తీశారు. మెడ మీద బొక్క పెట్టారు, అందులో నుంచే ఊపిరి. ఇక మాట రాదని డాక్టరు చెప్పాడు. నీ చెల్లెలు నాకు గంజి పోస్తూ, "ఇంట్ల ఉన్నోడు పలుకడు, ఊర్ల ఉన్నోడు ఊకోడు" అని ఏడ్చింది. నేను ఇంటికి వచ్చి పడుకున్నాక కూడా పొద్దునే నా గొంతు రేకుల్లోంచి పిలుస్తూనే ఉంది. నాలో నుంచి కోసి తీసింది దవాఖానవాళ్లు కాదేమో, అంతకుముందే ఎవరో తీసుకుపోయారేమో అనిపించింది. ఇలాంటివి నేను నమ్మను, నీకు తెలుసు. అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరాలు లక్ష్మవ్వ తెచ్చింది. బండి నల్లకుంటకు పోయిందని పోస్టుమ్యాన్‌కు తెలిసేసరికి ఇంతకాలం పట్టింది. "రోజు నీ గొంతు ఇంటున్న మేస్త్రి, నువ్వు గిట్ల పడ్డవని నాకెట్ల తెలుస్తది?" అని నా మెడ చూసి తల తిప్పుకుంది. ఉత్తరాలు పెట్టి పోయింది. మూడూ ఒకేసారి చదివాను. కురుమమ్మ మందులకు పోయి ఉంది. దానికోసం ఆగలేదు. చొక్కా కూడా వేసుకోకుండా, వానలో, నాలా గట్టు పట్టుకుని గాంధీనగర్ పోయాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఎవరు తాతా నువ్వు?" పెదవులు కదిపాను. మెడలో నుంచి గాలి బుసకొట్టింది. వాడు రెండడుగులు వెనక్కు వేశాడు. నేను లోపలికి పోయాను.

గుంత అంచున మట్టి మీద వెంట్రుక లాంటి పగులు. ఈ చివర నుంచి ఆ చివరకు. కింద మనవాళ్లు బురదలో పార వేస్తున్నారు. రాము, నర్సిములు, ఇంకొందరు. నీళ్లు తోడే మోటారు రొద ఎంతంటే, పక్కవాడు అరిచినా వినబడదు. నేను నోరు తెరిచాను. వాన నోట్లో పడింది, అంతే. పట్నంలో, పాలమూరులో, వెయ్యి ఇండ్లలో పిలిచే నా గొంతు, ఆ ఒక్క గుంత మీద లేదు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. వంగి కంకర రాళ్లు ఏరుకున్నాను. రాము వీపు చూసి వేశాను. ఒకటి. రెండు. మూడు.

మూడోదానికి వాడు తల ఎత్తాడు. నన్ను చూశాడు. పెదవులు "ఉన్న" అన్నాయి. పార అక్కడే పారేసి, నర్సిములు చెయ్యి పట్టి గుంజి, అందరినీ కేకేసి నిచ్చెన ఎక్కించాడు. చివరివాడి కాలు పైన పడగానే పగులు విచ్చుకుంది. పెద్ద చప్పుడేమీ రాలేదు బావా. ఇల్లంత మట్టి మెల్లగా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు ఒరిగి, వాళ్లు నిలబడిన చోటును కప్పేసింది. మోటారు కూడా దాని కింద పోయి మూగబోయింది.

ఆ నిశ్శబ్దంలో ఫోన్లు మోగాయి. వాళ్ల చొక్కాలు రేకు కింద కర్రకు వేలాడుతున్నాయి, ఫోన్లు ఆ జేబుల్లో. ఒకటి తర్వాత ఒకటి. నర్సిములు తనది తీసి నొక్కాడు. నా గొంతు, నున్నగా, వయసులో ఉన్నప్పటిలాగా. "నర్సిములూ... నర్సిములూ... నర్సిములూ. రేపు... గాంధీనగర్... నాలా పక్క."

వాడు ఫోన్ చూశాడు. నన్ను చూశాడు. నా మెడలో బొక్క చూశాడు.

"మేస్త్రి, నువ్వు ఈడున్నవ్ గద" అన్నాడు. "మరి ఈ ఫోన్ల ఎవరు?"

ఎవరూ "ఉన్న" అనలేదు. ఫోన్లు వాటంతట అవే ఆగేదాకా వానలో అట్లాగే నిలబడ్డాము.

రెండు రోజులకు సంయుక్త బస్తీకి వచ్చింది. హర్ష కూడా వచ్చాడు కానీ గుడిసె బయటే నిలబడ్డాడు. ఇకమీదట మనిషి పోయి చోటు చూసి వచ్చాకే పిలుపు పోతుందని, చూడడానికి నర్సిములును పెట్టామని చెప్పింది. "మీ గొంతు తీసేసినం పెద్దాయనా" అంది. మళ్లీ ఆగి, "మా దగ్గర తీసేసినం. ఇంకెక్కడెక్కడ ఉన్నదో మాక్కూడ తెల్వది" అంది. ఆ పిల్ల నాకు అబద్ధం చెప్పలేదు, అందుకు దండం పెట్టాను.

రామును రేపు బస్సు ఎక్కిస్తున్నాను. మాట నిలబెట్టాను. మెచ్చుకోవద్దు, నీకు మెచ్చుకోవడం రాదు.

నీ బావ,
దాసయ్య

*

మన ఊరు,
అక్టోబర్ 2012

ప్రియమైన దాసయ్య బావకు,

రాము చేరాడు. అంబిక వాణ్ని కొట్టింది, తర్వాత అన్నం పెట్టింది. నేను కూడా కొట్టేవాణ్నే, చెయ్యి లేవలేదు.

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. రాళ్ల దగ్గరికి వచ్చేసరికి వాడు నన్ను ఆపాడు. వాడి పెదవులను నేను తప్పు చదవలేదు, రెండుసార్లు చెప్పించుకున్నాను.

"రాళ్లా? ఏం రాళ్లు తాతా?"

"మేస్త్రి తాత నీ ఈపు మీద వేసిండు గద, మూడు."

"నాకేం తాకలే. గుంత గంత లోతు, ఆయన చెయ్యి గజగజ వణుకుతుండె. ఆయన పిలిచిండు."

"ఫోన్లనా?"

"ఫోన్ పైన చొక్కల ఉండె. అంచు మీద నిలవడి పిలిచిండు. రామూ, రామూ అని రెండుసార్లు పిలిచి దగ్గిండు, ఎప్పటి లెక్కనే. దగ్గి మల్ల పిలిచిండు. గందుకే ఉన్న అన్న."

"మోటారు నడుస్తుండె గదరా?"

"నడుస్తనే ఉండె. అయినా ఇనిపిచ్చింది. ఫోన్ల గొంతు కాదు తాతా, అసలుది. దగ్గు నాకెరుకలేదా?"

బావా, ఆ పిల్ల బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి పారేసిన నీ దగ్గులు ఎక్కడికి పోయాయని నువ్వడిగావు. ఆమె చెప్పలేదన్నావు. నేను కూడా చెప్పలేను. వాడు విన్నానంటాడు, నువ్వు పిలవలేదంటావు. తీర్పు చెప్పడానికి నాకు చెవులు లేవు, నీకు గొంతు లేదు. ఇద్దరమూ ఊరుకుందాం.

నువ్వు, నా చెల్లెలు ఇక ఇక్కడికి వచ్చెయ్యండి. పీర్ల పండుగ దగ్గరకొచ్చింది, అగ్ని గుండం తవ్వేవాళ్లు కూడా మట్టి చూడడం మరిచిపోయారు. మాట లేకపోయినా పిడికిలి ఉంది కదా.

నేను వాకిట్లోనే ఉంటాను, వీధివైపు వీపు పెట్టి. వచ్చి మూడు రాళ్లు వెయ్యి. రెండు వేసి ఆగితే మాత్రం లేవను.

నీ చెవిటి బావ,
పీరయ్య